బౌహౌస్‌కు ఇస్తున్న క్రెడిట్ మరీ ఎక్కువైందా?

గోడగడియారం (చర్చ మొదలుపెట్టినవారు)

ఆధునిక డిజైన్ చరిత్ర మీద ఏ వ్యాసం తీసినా, ఏ వీడియో చూసినా కథ ఒకటే. 1919లో జర్మనీలోని వైమార్‌లో వాల్టర్ గ్రోపియస్ బౌహౌస్ అనే స్కూలు పెట్టాడు. కళనూ పరిశ్రమనూ కలిపాడు. దాంతో మామూలు మనిషి ఇంట్లోకి చవకైన, అందమైన, పనికొచ్చే వస్తువు వచ్చింది. మొన్న ఇక్కడే ఇంకో చర్చలో ఒకరు "బౌహౌస్ లేకపోతే మన ఇళ్లలో ఇంకా నగిషీల కుర్చీలే ఉండేవి" అని రాశారు. దాని మీదే ఈ చర్చ.

ఆ కథలో మొదటి రెండు ముక్కలతో నాకు పేచీ లేదు. మూడోది నమ్మను.

స్కూలు నడిచింది మొత్తం 14 ఏళ్లు, మూడు ఊళ్లలో: వైమార్, డెస్సావ్, ఆఖర్న బెర్లిన్. మొదటి మూడు నాలుగేళ్లు వాళ్ల నోట పరిశ్రమ ఊసు పెద్దగా లేదు. 1919 ప్రకటనలో గ్రోపియస్ కళాకారులందరినీ తిరిగి చేతిపనికి రమ్మన్నాడు. దాని ముఖచిత్రం లియోనెల్ ఫైనింగర్ చెక్కిన ఓ పెద్ద చర్చి బొమ్మ. 1922 డిసెంబర్‌లో వీళ్ల పనులు కలకత్తాకు కూడా వచ్చాయి, ఠాగూర్ల ఇంటి చిత్రకారుల బొమ్మలతో కలిపి ప్రదర్శించారు. వచ్చినవేమిటయ్యా అంటే క్లే, కాండిన్‌స్కీ, ఇటెన్, ఫైనింగర్ వగైరాల చిత్రాలు. కుర్చీ లేదు, కెటిల్ లేదు. "కళ, సాంకేతికత: కొత్త ఐక్యత" అన్న నినాదం 1923లో గానీ రాలేదు.

సరే, ఆ తర్వాతైనా? 1924లో అక్కడి విద్యార్థిని మరియానె బ్రాంట్ చేసిన చిన్న టీపాట్ ఫొటో ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. చేత్తో సాగగొట్టి చేసినవి, వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2007లో ఒకటి న్యూయార్క్ వేలంలో 3,61,000 డాలర్లు పలికింది. అదే 1924లో విల్హెల్మ్ వాగెన్‌ఫెల్డ్ పేరు మీద ప్రసిద్ధమైన టేబుల్ లాంప్ వచ్చింది, తెల్ల గాజు బుర్రది. దాన్ని లైప్‌జిగ్ వాణిజ్య ప్రదర్శనకు తీసుకెళ్తే వ్యాపారులు నవ్వారని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. చూడటానికి ఫ్యాక్టరీలో చేసిన చవక సరుకులా ఉంది, ధర అడిగితే చేతిపని ధర!

మామూలు జనానికి నిజంగా చేరిన ఆధునిక కుర్చీ కావాలంటే బౌహౌస్ కంటే 60 ఏళ్లు వెనక్కి వెళ్లాలి. వియన్నాలో 1859లో మైకేల్ తోనెట్ కంపెనీ తెచ్చిన 14వ నంబరు కుర్చీ. 1930 నాటికి 5 కోట్లు అమ్ముడైందని లెక్క. తోనెట్‌కు స్కూలు లేదు, మేనిఫెస్టో అంతకన్నా లేదు.

మీ మాట చెప్పండి. తిట్లు మాత్రం వద్దు.

స్కేలు_పెన్సిలు

గోడగడియారం గారూ, నేను ఆర్కిటెక్చర్ మూడో ఏడాది. మా సార్లు చెప్పిందంతా వేదం అనను గానీ, మీ లెక్క కొంచెం అన్యాయంగా ఉందండి. బౌహౌస్ స్కూలు. స్కూలును ఎన్ని టీపాట్లు అమ్మావని అడగరు, ఎవరిని తయారు చేశావని అడుగుతారు.

అక్కడ చేరిన ప్రతివాళ్లూ ముందు ప్రాథమిక కోర్సు చేయాలి. కాగితం, వైరు, చెక్కపేళ్లు, గాజుముక్కలు ఇచ్చి ఆ పదార్థం ఏం చేయగలదో మీరే కనుక్కోండి అనేవారు. జోసెఫ్ ఆల్బర్స్ క్లాసులో ఒక్క కాగితాన్ని మడిచి, కోసి దాన్నే బరువు మోసే నిర్మాణంగా మార్చేవాళ్లు. ఇవాళ ప్రపంచంలో ఏ డిజైన్ కాలేజీలో చేరినా మొదటి ఏడాది ఫౌండేషన్ అని ఒకటి ఉంటుంది. దాని మూలం అదే. అహ్మదాబాద్ ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) కూడా ఆ దారిలోదే. (కోర్సు మొదలుపెట్టిన యోహానెస్ ఇటెన్ మాత్రం విచిత్రమైన మనిషి. మజ్దాజ్నాన్ అనే మతం పట్టుకుని గుండు గీయించుకుని, పిల్లలందరి చేతా వెల్లుల్లి దట్టించిన శాకాహారం తినిపించేవాడు. కాంటీన్ వాసన గురించి కథలు కథలుగా చెప్పుకున్నారు.)

ఇంకో మాట. మీరు 1924 దగ్గరే ఆగిపోయారు. డెస్సావ్ వెళ్లాక లైప్‌జిగ్‌లోని కోర్టింగ్ అండ్ మాథీసెన్ కంపెనీకి వీళ్లు దీపాలు డిజైన్ చేశారు, కాండెమ్ అనే బ్రాండు మీద అమ్మారు. బెడ్ పక్కన పెట్టుకునేది, నొక్కితే వెలిగేది. అందులో బ్రాంట్‌ది పెద్ద చెయ్యి. మీరు చెప్పిన వేలం టీపాట్ బ్రాంటే! ఇంకా 1930లో వచ్చిన వాల్‌పేపర్. రాష్ అనే కంపెనీ వేసింది. స్కూలు తెచ్చిన సరుకుల్లో బాగా అమ్ముడైంది అదే. కొన్నది మామూలు అద్దె ఇళ్లవాళ్లు.

టేకుచెక్క

నమస్తే అందరికీ. మాది రాజమండ్రి, ఫర్నిచర్ పని. తోనెట్ పేరెత్తారు కాబట్టి నోరు ఊరుకోవట్లేదు.

ఆ కుర్చీని చూసి "ఓహో, వంపులు బాగున్నాయి" అంటారు అందరూ. వంపు తెచ్చినదాంట్లో ఉంది అసలు కిటుకు. చెక్కకు ఆవిరి పట్టిస్తే మెత్తబడుతుంది, వంగుతుంది. ఇది పాతకాలం నుంచీ పడవలు కట్టేవాళ్లకు తెలుసు. కానీ లావుపాటి కర్రను బాగా వంచితే బయటివైపు సాగి చీలిపోతుంది. తోనెట్ ఏం చేశాడంటే, వంచేముందు బయటివైపు ఒక ఇనుప పట్టీ బిగించాడు. ఆ పట్టీ సాగదు. అందుకని చెక్క సాగే పని లేకుండా మొత్తం లోపలివైపు నొక్కుకుపోతుంది. నొక్కుడును బీచ్ చెక్క తట్టుకుంటుంది, సాగుడును తట్టుకోదు. అచ్చులో పెట్టి ఆరబెడితే ఆ ఆకారం అలాగే నిలబడిపోతుంది. మా టేకును అలా వంచి చూడండి, తెలుస్తుంది.

దీనివల్ల నైపుణ్యం ఉన్న వడ్రంగి అక్కర్లేకుండా పోయింది. కుర్చీ వెనక కాళ్లూ, వీపూ కలిపి ఒకే కర్ర. మొత్తం 6 ముక్కలు, 10 స్క్రూలు, 2 నట్లు. వియన్నాలో అడవి లేదు కాబట్టి ఫ్యాక్టరీని మొరావియాలో (ఇప్పటి చెక్ దేశంలోది) బీచ్ అడవుల పక్కన పెట్టాడు, ఊరి జనాన్నే పనిలోకి తీసుకున్నాడు. ఒక ఘనపు మీటరు పెట్టెలో 36 కుర్చీలు విప్పి సర్దేవారు, ఓడలెక్కించేవారు. దిగినచోట బిగించుకోవడమే. 1869లో చెక్క వంచే పద్ధతి మీద ఆయన పేటెంట్ గడువు తీరిపోగానే పోటీ కంపెనీలు పుట్టుకొచ్చాయి.

ఇక బౌహౌస్‌లో చదివి అక్కడే పాఠాలు చెప్పిన మార్సెల్ బ్రాయర్ ఉక్కు గొట్టాల కుర్చీ సంగతి. 1925-26ది. సైకిల్ హ్యాండిల్ చూసి ఆలోచన వచ్చిందట. ఆలోచన గొప్పదే, కాదనను. కానీ ఆ కుర్చీలో గొట్టాలెన్ని, వంపులెన్ని, జాయింట్లెన్ని లెక్కపెట్టండి. తోనెట్ 6 ముక్కల్లో ముగించిన పనికి ఇంత హంగామా. ఆ తర్వాత బ్రాయర్ గొట్టం కుర్చీలను పెద్దఎత్తున తయారు చేసి అమ్మింది ఎవరనుకున్నారు? మళ్లీ తోనెట్ కంపెనీయే.

నిరక్షరకుక్షి

అందరూ సరుకు ఎవరు చేశారన్నదే మాట్లాడుతున్నారు. సరుకు ఎవరడిగారు?

వియన్నాలో అడాల్ఫ్ లూస్ అనే ఆయన 1910 ప్రాంతంలో "అలంకారం, నేరం" అని ఉపన్యాసం ఇచ్చాడు. పాపువా మనిషి పచ్చబొట్టు పొడిపించుకుంటే తప్పులేదట, వాడు ఇంకా ఎదగలేదట. ఇరవయ్యో శతాబ్దపు యూరప్ మనిషి అదే పని చేస్తే వాడు నేరస్థుడో పతనమైనవాడో అట. ఇంత అహంకారం మీద కట్టిన భవనం ఈ ఆధునిక డిజైన్. పూలకొమ్మ చెక్కిన మంచం ఇష్టపడే మనిషి వెనకబడినవాడు, తెల్లగోడ ఇష్టపడేవాడు నాగరికుడు!

జనం ఏం చేశారో చూడండి. ఫ్రాన్స్‌లో బోర్డో పక్కన పెస్సాక్ అనే చోట ఫ్రూజెస్ అనే చక్కెర వ్యాపారి, ల కొర్బూజియె అనే ఆర్కిటెక్టు చేత పనివాళ్ల కోసం 50 దాకా ఇళ్లు కట్టించాడు. 1926కు పూర్తయ్యాయి. నీటి కనెక్షన్ ఇవ్వక కొన్నేళ్లు ఖాళీగా పడున్నాయి. ఆఖరికి జనం దిగాక చదును కప్పుల మీద ఏటవాలు కప్పులు వేసుకున్నారు, పొడుగాటి కిటికీలు కుదించుకున్నారు, తలుపు రెక్కలు బిగించుకున్నారు, వరండాలు మూసి గదులు చేసుకున్నారు. డెస్సావ్ పక్కన ట్యోర్టెన్‌లో గ్రోపియస్ కట్టిన 314 ఇళ్లలోనూ ఇదే తంతు, కిటికీలు మార్చేశారు.

బ్రిటన్ సంగతి మరీ బాగుంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో కలప కొరత వచ్చి, 1942లో ప్రభుత్వం యుటిలిటీ ఫర్నిచర్ పథకం పెట్టింది. డిజైన్లు ప్రభుత్వమే ఖాయం చేసింది, అందులో గోర్డన్ రసెల్ లాంటి మహామహులున్నారు. నగిషీ లేదు, గట్టి సరుకు, అందుబాటు ధర. డిజైన్ పెద్దల కల నిజమైనట్టే. కొత్తగా పెళ్లైనవాళ్లకీ, బాంబులకు ఇల్లు పోయినవాళ్లకీ కూపన్లిచ్చారు. 1952లో పథకం ఎత్తేశారు. ఎత్తేయగానే జనం మళ్లీ మెరుపులు, వంపులు, నగిషీలు వెతుక్కుంటూ షాపులకు పోయారు. పదేళ్లు వాడి కూడా వాళ్ల మనసు మారలేదు.

కాబట్టి బౌహౌసా, తోనెటా అనేది నాకు అనవసరం. "సామాన్యుడి కోసం" అన్నవాళ్లెవరూ సామాన్యుణ్ణి అడగలేదు.

ఫ్రాంక్‌ఫర్ట్ పిన్ని

నేనుండే ఊరి కథ ఎవరూ ఎత్తకపోవడం అన్యాయం నాయనలారా. మాది విజయవాడ, ఇక్కడ స్థిరపడి చాలా కాలమైంది. ఊళ్లో ర్యోమర్‌స్టాట్ అనే కాలనీలో ఒక ఇంటిని 1920ల నాటి తీరుకే తిరిగి తెచ్చి చిన్న మ్యూజియంగా ఉంచారు. చుట్టాలెవరొచ్చినా తీసుకెళ్తాను, విసుక్కుంటూనే వస్తారు, వంటిల్లు చూశాక కదలరు.

కథ డబ్బుతో మొదలవుతుంది, ఆకారంతో కాదు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక జర్మనీ నగరాల్లో ఇళ్లకు ఘోరమైన కరువు. 1923లో మార్కు విలువ పూర్తిగా పడిపోయింది కదా, దాంతో ఇళ్ల మీద పాత అప్పులున్న యజమానులకు ఆ అప్పు చిత్తుకాగితమైపోయింది. అప్పు పోయింది, ఇల్లు మిగిలింది. అలా ఊరికే లాభపడ్డవాళ్ల మీద 1924లో ప్రభుత్వం ఒక పన్ను వేసింది. ఆ డబ్బులో కొంత కొత్త ఇళ్లకు మళ్లించింది. ఫ్రాంక్‌ఫర్ట్ నగరపాలక సంస్థ 1925లో ఎర్న్‌స్ట్ మే అనే ఆర్కిటెక్టుకు ఆ పని అప్పగించింది. ఐదేళ్లలో సుమారు 12,000 ఇళ్లు లేచాయి.

మే 1926లో వియన్నా నుంచి మార్గరెటె లిహోట్‌స్కీని పిలిపించాడు, పెళ్లయ్యాక షూట్టె-లిహోట్‌స్కీ. ఆమెకిచ్చిన పని వంటిల్లు. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4. మన కొలతలో ఆరడుగుల చిల్లర, పదకొండడుగులు. రైలు డైనింగ్ కారులో అంత ఇరుకులో వంటలెలా చేస్తారో గమనించింది. ఇంటిపనిలో ఎన్ని అడుగులు వృథా అవుతున్నాయో లెక్కలు కట్టిన అమెరికా రచయిత్రి క్రిస్టీన్ ఫ్రెడరిక్ పరిశీలనలు చదివింది. వాచీ పట్టుకుని ఒక్కో పనికి పట్టే సమయం కొలిచింది.

ఇప్పుడా వంటింట్లో ఏముందో చెప్తా వినండి. కిటికీ కింద కూర్చుని కూరలు తరుక్కునే బల్ల. దాంట్లోనే తొక్కలు తోసేయడానికి ఓ చిన్న సొరుగు. కూర్చోవడానికి గుండ్రంగా తిరిగే స్టూలు. గోడకు మడిచి పెట్టుకునే ఇస్త్రీ బల్ల. కావలసిన వైపుకు జరుపుకునేలా పట్టా మీద వేలాడే దీపం. ఉప్పు, పంచదార, బియ్యం వగైరాలకు పిడి, ముక్కు ఉన్న అల్యూమినియం సొరుగులు, లాగి నేరుగా గిన్నెలోకి వంచేయొచ్చు. పిండికి మాత్రం ఓక్ చెక్క సొరుగు, ఎందుకంటే ఆ చెక్కలోని వగరుకు పురుగు పట్టదు. అల్మారాలకు నీలం ఆకుపచ్చ కలిసిన రంగు, ఆ రంగు మీద ఈగ వాలదని అప్పట్లో నమ్మకం. జరిపే తలుపు తీస్తే పక్కగదిలో ఆడుకునే పిల్లలు కనిపిస్తారు.

ఇలాంటివి దాదాపు 10,000 బిగించారు. నా పాయింటు ఇదే. ఇది షాపులో కొనుక్కునే సరుకు కాదు, ఇంటితో పాటే వచ్చింది, ఖర్చు అద్దెలో కలిపేశారు. బ్రాయర్ కుర్చీ ఎవరు కొన్నారు అని కొట్టుకుంటున్నారు గానీ, నగరపాలక సంస్థ పన్ను డబ్బుతో కడితే ఎవరూ కొనాల్సిన పని లేకుండానే చేరింది.

నిరక్షరకుక్షి

పిన్నిగారూ, అంతా బాగుంది. కానీ ఆ వంటింట్లో ఇద్దరు పట్టరు కదండీ. అంటే ఇంటాయన సాయం చేద్దామన్నా కుదరదు. ఒక ఆడమనిషి, ఒక గది, జీవితాంతం. ర్యోమర్‌స్టాట్ మొత్తం కరెంటు కాలనీ, బిల్లులు కట్టలేక జనం గోల పెట్టారని నేనూ చదివాను. కొలిమి దగ్గర పనిచేసే కూలీ ఆ అద్దె కట్టగలిగాడా?

ఫ్రాంక్‌ఫర్ట్ పిన్ని

"ఇంటాయన సాయం చేద్దామన్నా" అట! 1926లో ఏ ఇంటాయన నాయనా?

మీరన్న రెండో మాట నిజమే. ర్యోమర్‌స్టాట్‌లో దిగినవాళ్లు ఎక్కువమంది గుమాస్తాలు, ఉద్యోగులు. కూలీలకు అద్దె భారమైంది. కరెంటు బిల్లుల గొడవా జరిగింది. కట్టుబడి ఖర్చు, వడ్డీలు పెరిగితే అద్దె పెరిగింది.

ఆడవాళ్లను ఒంటరిని చేసిందనే విమర్శ 1970ల్లో ఇక్కడి స్త్రీవాదులే గట్టిగా చేశారు. మీరు కొత్తగా కనిపెట్టింది కాదు. నేను దాన్ని సగమే ఒప్పుకుంటాను. అంతకుముందు కూలీల ఇళ్లలో ఒకే గది. అందులోనే పొయ్యి, అందులోనే స్నానం, అందులోనే పిల్లల పడక. పొగ, తడి, జబ్బులు. ఆ గదినుంచి వంటను విడదీయడం ఒంటరితనమా, ఊపిరా? ఆమె ఉద్దేశం ఇంటిపని తొందరగా తెమలాలి, ఆడవాళ్లకు ఉద్యోగానికీ చదువుకీ టైము మిగలాలి అని.

సరదా ఏమిటంటే, ఆ వంటిల్లు గీసేనాటికి తనకు వంటే రాదని ఆమె తర్వాత చెప్పింది. హిట్లర్‌కు వ్యతిరేకంగా పనిచేసి 1941లో వియన్నాలో పట్టుబడింది, 1945 దాకా జైల్లో ఉంది. 2000లో చనిపోయింది, మరికొద్ది రోజుల్లో 103 నిండేవి. అంత జీవితంలో అందరూ ఒక్క వంటింటి గురించే అడుగుతారని ముసలితనంలో విసుక్కునేది.

ఇక బౌహౌస్‌లో ఆడవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మొదట్లో సమానత్వం అన్నాడు గ్రోపియస్. అమ్మాయిలు ఎక్కువమంది చేరేసరికి కంగారుపడి, అందరినీ నేత విభాగంలోకి తోశారు. గుంటా ష్ట్యోల్‌జ్ల్, ఆనీ ఆల్బర్స్ అలా మగ్గం ఎక్కినవాళ్లే. తమాషా చూడండి, ఫ్యాక్టరీలకు పనికొచ్చే నమూనాలు బాగా ఇచ్చిన విభాగాల్లో అదొకటి.

గోడగడియారం

పిన్నిగారి పోస్టుతో నా వాదనకు బలం వచ్చింది. 12,000 ఇళ్లు, 10,000 వంటిళ్లు ఒక పక్క. 14 ఏళ్ల స్కూలు ఇంకో పక్క. అయినా ఎక్కువమందికి తెలిసిన పేరు బౌహౌసే. ఎందుకు?

కథ ఎవరు రాశారో చూడండి. కళాచరిత్రకారుడు నికొలాస్ పెవ్స్‌నర్ 1936లో ఇంగ్లండ్‌లో వేసిన పుస్తకం పేరులోనే దారి గీసేశాడు: విలియం మోరిస్ (19వ శతాబ్దపు ఇంగ్లిష్ డిజైనర్) నుంచి వాల్టర్ గ్రోపియస్ దాకా. ఆ దారిలో లేనివాళ్లు పక్కదారిలో ఉన్నట్టే. 1937లో గ్రోపియస్ హార్వర్డ్‌లో చేరాడు. 1938లో న్యూయార్క్‌లోని మోమా మ్యూజియం బౌహౌస్ ప్రదర్శన పెట్టింది. దాన్ని తీర్చిదిద్దినవాళ్లలో గ్రోపియస్ దంపతులు, స్కూల్లో పాఠాలు చెప్పిన హెర్బర్ట్ బాయర్ ఉన్నారు. ప్రదర్శన పేరు "బౌహౌస్ 1919–1928". స్కూలు మూతబడింది 1933లో. 1928 ఏమిటి? గ్రోపియస్ స్కూలు వదిలిన ఏడాది. తర్వాతి ఐదేళ్లు గోవిందా.

ఆ ఐదేళ్లలో మొదటి రెండేళ్లు డైరెక్టర్ హానెస్ మేయర్. "విలాసం కాదు, జనం అవసరం" అన్నది ఆయన నినాదం. కమ్యూనిస్టులవైపు మొగ్గాడని 1930లో తీసేశారు, మాస్కో వెళ్లిపోయాడు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఎర్న్‌స్ట్ మే, షూట్టె-లిహోట్‌స్కీ కూడా అదే ఏడాది సోవియట్ నగరాలు కట్టడానికి వెళ్లారు. అంటే జనం ఇళ్ల గురించి పట్టించుకున్నవాళ్లు తూర్పుకు, మంచి ఫొటోలున్నవాళ్లు పడమటికి. అమెరికాలో యాభైల నాటి కోల్డ్ వార్ వాతావరణంలో ఎవరి కథ నిలుస్తుంది?

ఫొటోలంటే గుర్తొచ్చింది. డెస్సావ్ భవనం, వస్తువుల ప్రసిద్ధ ఫొటోలు చాలావరకు లూసియా మొహోలీ తీసినవి. 1933లో ఆమె ప్రాణభయంతో జర్మనీ వదిలినప్పుడు గాజు నెగటివ్‌లు అక్కడే ఉండిపోయాయి, తర్వాత గ్రోపియస్ చేతికి చేరాయి. ఆమె పేరు వేయకుండానే వాటిని ఏళ్ల తరబడి వాడారు. వాటిని తిరిగి రాబట్టుకోవడానికి ఆమె యాభైల్లో లాయర్ను పెట్టుకోవాల్సి వచ్చింది. బౌహౌస్ మీద ప్రపంచానికి మోజు పుట్టించిన బొమ్మలవి!

స్కేలు_పెన్సిలు

సార్, ఒక్క నిమిషం. హానెస్ మేయర్ ఎవరండి? బౌహౌస్ డైరెక్టరే కదా! నేను చెప్పిన వాల్‌పేపర్ ఒప్పందం ఆయన హయాంలోదే. బెర్నావ్‌లో కార్మిక సంఘాల శిక్షణ కేంద్రం ఆయన కట్టిందే. ట్యోర్టెన్‌లో చవక అద్దెకు పొడవాటి వరండాల అపార్టుమెంట్లు ఆయన విద్యార్థులతో కలిసి కట్టినవే. మీరు తిడుతున్నది గ్రోపియస్‌ను, పేరు మాత్రం బౌహౌస్‌ది పెడుతున్నారు. గ్రోపియస్ చెప్పిన బౌహౌస్ కథ తప్పైతే, అసలు బౌహౌస్ మనం అనుకున్నదానికంటే జనానికి దగ్గరైందని కదా తేలుతుంది?

నిరక్షరకుక్షి గారికి కూడా ఒక మాట. పెస్సాక్‌లో జనం ఇళ్లు మార్చుకున్నారు, నిజమే. మార్చుకోగలిగారంటే ఆ ఇల్లు అంత మార్పును తట్టుకుందనే కదా! అంతెందుకు, అవే ఇళ్లు ఇప్పుడు యునెస్కో జాబితాలో ఉన్నాయి. చాలామంది ఓనర్లు పాత రూపానికి తిరిగి తెచ్చుకుంటున్నారు.

నిరక్షరకుక్షి

పెస్సాక్‌లో ఇప్పుడుంటున్నది చక్కెర ఫ్యాక్టరీ కూలీలు కాదు తమ్ముడూ. ఆర్కిటెక్చర్ ఇష్టపడి కొనుక్కున్నవాళ్లు.

వేదిక నిర్వహణ

కమ్యూనిస్టులు, కోల్డ్ వార్ అనగానే ఇవాళ్టి పార్టీల గొడవ ఎత్తుకున్న రెండు కామెంట్లు తీసేశాం. 1930ల దగ్గరే ఉండండి, ప్లీజ్.

అద్దెఇల్లు_అమీర్‌పేట

ఇంతసేపు చదివాక నాకో డౌటు. 2018 ఆగస్టులో హైదరాబాద్ హైటెక్ సిటీలో ఐకియా తెరిచినప్పుడు జనం ఎగబడ్డారు కదా, దేశంలో వాళ్ల మొదటి షాపు. వాళ్లు కూడా "అందరికీ డిజైన్" అనే అంటారు. విప్పి డబ్బాలో పెట్టడం ఐకియా 1950ల్లో మొదలుపెట్టింది, కారులో పట్టాలని బల్లకు కాళ్లు ఊడదీశారట. తోనెట్ పెట్టెకూ దీనికీ తేడా ఏముంది? ఇంకోటి. మన ఫంక్షన్ హాళ్లలో వందలకొద్దీ ఒకదానిమీద ఒకటి పేర్చి పెట్టే ప్లాస్టిక్ కుర్చీ సంగతేంటి? అసలు మామూలు జనం కుర్చీ అదే కదా. దాని డిజైనర్ పేరు ఎవరికైనా తెలుసా?

టేకుచెక్క

మంచి ప్రశ్న అడిగారు. ఆ జాతి కుర్చీకి పేరు మోనోబ్లాక్, అంటే ఒకే ముక్క. ఫ్రాన్స్‌లో ఆన్రీ మాసొనె 1972లో చేసిన కుర్చీని మూలంగా చెప్తారు. పాలీప్రొపిలీన్ కరిగించి అచ్చులోకి కొడతారు, కుర్చీ బయటికొస్తుంది. తోనెట్‌కు 6 ముక్కలు, దీనికి 1. స్క్రూలు సున్నా. ఖరీదంతా అచ్చుదే. ఆ అచ్చు అరిగేదాకా కొడుతూ పోతే ఒక్కో కుర్చీకి పడేది ప్లాస్టిక్ ఖర్చే. డిజైన్ పుస్తకాలు దీన్ని చాలాకాలం పట్టించుకోలేదు, ఈమధ్యే మ్యూజియంలు పిలిచి కూర్చోబెడుతున్నాయి.

అయినా దీన్ని తోనెట్ పక్కన పెట్టను. తోనెట్ కుర్చీ జాలీ చిరిగితే మళ్లీ అల్లుకోవచ్చు, స్క్రూ వదులైతే బిగించుకోవచ్చు. నూరేళ్లవి ఇంకా కాఫీ హోటళ్లలో వాడుతున్నారు. మోనోబ్లాక్ కాలు విరిగితే అతికించేవాడు లేడు. రంపపుపొట్టు బోర్డుల ఫర్నిచర్ కూడా అంతే, ఏ కంపెనీదైనా. మా గోదావరి తేమకు ఒక్క వానాకాలం చాలు, అంచులు ఉబ్బి వస్తాయి. చవక అంటే కొన్ననాటి ధర ఒక్కటే చూడకూడదు.

గోడగడియారం

మనం కుర్చీల చుట్టూనే తిరుగుతున్నాం. ఇది చదివే ప్రతివాళ్ల ఇంట్లోనూ ఉన్న జర్మన్ ఆధునిక డిజైన్ ఒకటుంది: ఏ4 కాగితం. వాల్టర్ పోర్స్ట్‌మన్ అనే ఇంజనీరు లెక్క, 1922లో జర్మన్ ప్రమాణాల సంస్థ ఖాయం చేసింది. మధ్యకు మడిస్తే అదే నిష్పత్తి మళ్లీ వస్తుంది. అందువల్ల వృథా లేదు, కవర్లూ ఫైళ్లూ అల్మారాలూ అన్నీ దానికి కుదురుతాయి. బౌహౌస్ వాళ్లు తర్వాత తమ ఉత్తరాలకూ అదే కొలత వాడారు. పేరు లేని కమిటీ తేల్చింది, ప్రపంచం వాడుతోంది.

స్కేలు_పెన్సిలు

సరే సార్, మీరు మొదటి పోస్టులో వెక్కిరించిన వాగెన్‌ఫెల్డ్‌తోనే జవాబు చెప్తాను. ఆ లాంప్ చేసిన మనిషే 1938లో లాసిట్స్ ప్రాంతంలోని గాజు ఫ్యాక్టరీకి కూబుస్ డబ్బాలు డిజైన్ చేశాడు. అచ్చులో నొక్కి చేసిన గాజు, ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చునే పెట్టెలు, ఫ్రిజ్‌లో ఇంచు ఖాళీ పోకుండా. ఫ్యాక్టరీ సరుకు, వంటింటి సరుకు. చదివింది బౌహౌస్. ఇది ఎవరి ఖాతాలో రాస్తారు?

గోడగడియారం

ఫ్యాక్టరీ ఖాతాలో. 1925లో స్కూలు డెస్సావ్‌కు మారినప్పుడు వాగెన్‌ఫెల్డ్ వాళ్లతో వెళ్లలేదు, వైమార్‌లోనే ఉండిపోయాడు. తర్వాత గాజు ఫ్యాక్టరీల్లో కొలిమి దగ్గర నిలబడి పని నేర్చుకున్నాడు. కూబుస్ వచ్చింది అక్కడినుంచి.

టేకుచెక్క

దానికి ముందుది కూడా చెప్పండి. ఆయన బౌహౌస్‌కు రాకముందే బ్రెమెన్‌లో వెండిసామాను ఫ్యాక్టరీలో అప్రెంటిస్. చెయ్యి తిరిగాకే స్కూలుకొచ్చాడు.

స్కేలు_పెన్సిలు

అయితే ఆ లాంప్ ఆకారం బ్రెమెన్ వెండి ఫ్యాక్టరీలోనే ఎందుకు పుట్టలేదో చెప్పండి మేస్త్రిగారూ.

టేకుచెక్క

ఫ్యాక్టరీలో యజమాని అడిగిన పూలు, లతలు కొట్టాలి తమ్ముడూ. లేకపోతే జీతం రాదు. నా దగ్గరా అంతే, కస్టమరు సింహం తలకాయ కావాలంటే సింహం తలకాయే. ఎవరూ అడగనిది చేసి చూసే తీరిక ఆ స్కూలు ఇచ్చింది, అంతవరకు నేనూ కాదనను. ఆ లాంప్ ధర మాత్రం ఒప్పుకోను.